పడవెక్కే ముందు ఆర్సేసియో చెప్పే మాట

"సూట్‌కేసు చక్రాలు ఇసకలో తిరగవమ్మా. అది మిమ్మల్ని మోసుకురాదు, మీరే దాన్ని మోయాలి. ఇప్పుడే ఆలోచించుకోండి."

నుకీ రేవుకి వచ్చిన ప్రతి గుంపుకీ నా మొగుడు ఆర్సేసియో మొదట చెప్పే మాట ఇది. చిన్న విమానం దిగి, వానలో నానుతూ రేవు దాకా నడిచొచ్చిన అతిథులు అప్పటికే సగం మెత్తబడి ఉంటారు. వాళ్ళని చెక్కబల్ల మీద వరసగా కూర్చోబెట్టి మిగతాది అందుకుంటాడు.

"డబ్బు నోట్లుగా ఉంచుకోండి. మా బోకా హాగ్వాలో కార్డు ఇస్తే పిల్లలు ఆడుకుంటారు. క్షేమంగా చేరామని ఇంటికి ఇప్పుడే ఫోన్ చేసెయ్యండి, అవతల సిగ్నల్ లేదు. కరెంటు పొద్దుగూకాక కాసేపే. సెంటు పూసుకోవద్దు, దోమలకి భోజనం గంట కొట్టినట్టే. రబ్బరు బూట్లు మేమిస్తాం, పాదం సైజు దగ్గర మొహమాటపడొద్దు. తిరుగు పడవ ఎన్నింటికని నన్నడగొద్దు. పోటు ఎప్పుడొస్తే అప్పుడే."

అందరూ నవ్వుతారు. అప్పుడు గొంతు మారుస్తాడు.

"ఆఖరి మాట. ఇదిగో, ఈ లైఫ్ జాకెట్. కాలికి ఇసక తగిలేదాకా దీని పట్టీ ఊడదీయకూడదు. ఒడ్డు కనబడినంత మాత్రాన చేరినట్టు కాదు. మా దగ్గర సముద్రం మనుషుల్ని తినేది గుమ్మంలోనే. నేనూ వేసుకుంటా, చూడండి."

అని తన జాకెట్ వేసుకుని, పట్టీలన్నీ బిగించి, గట్టిగా లాగి చూపిస్తాడు. అతిథులు ముచ్చటపడిపోతారు. మిగతా పడవల వాళ్ళు జాకెట్‌ని మడిచి కిందేసుకుని కూర్చుంటారు కదా, ఈయనెంత బాధ్యత గల మనిషి అనుకుంటారు.

బాధ్యత లేదని కాదు. కానీ అసలు సంగతి వేరు. పసిఫిక్ మీద పదకొండేళ్ళుగా పడవ నడుపుతున్న నా మొగుడికి ఈత రాదు.

ఈ సంగతి భూమ్మీద ఇద్దరికే తెలుసు. ఆయనకీ, నాకూ.

ఎవరితోనన్నా చెబుదామన్నా నమ్మరు. ఎందుకంటే ఆర్సేసియో బొడ్డులో పెట్టింది నీటికుక్క గోరు. మా తీరంలో పసిబిడ్డ బొడ్డు ఊడిన రోజున, ఆ పచ్చి మీద మంత్రసాని ఒక చిటికెడు పొడి అద్దుతుంది. ఏది అద్దితే దాని గుణం బిడ్డకి పడుతుంది. మా పక్కింటి ఆయనకి పాముచేప ఎముక పెట్టారు, ఎంత పెద్ద గొడవలోంచైనా చర్మం మీద గీత పడకుండా జారుకుంటాడు. నాకు పెట్టింది కొంగా చీమ. అడవిలో వేలెడంత ఉండే నల్లచీమ, క్షణం ఊరకుండదు. ఆడపిల్ల పనిమంతురాలు కావాలని మా అమ్మ కోరిక. ఆర్సేసియో వాళ్ళ నాన్న జాలరి. కొడుకు నీళ్ళని ఏలాలని నీటికుక్క గోరు తెచ్చి అరగదీయించాడు. ఒకే వానల్లో, ఒకే వారంలో పుట్టాం మేమిద్దరం. ఇద్దరికీ పొడి అద్దింది విసితా అత్త. ఊళ్ళో సగం మందికి మంత్రసాని ఆవిడే. మా పెళ్ళి కుదిర్చిందీ ఆవిడే. గిటారు వాయించే కుర్రాడొకడు నా చుట్టూ తిరుగుతుంటే చీపురుతో తరిమి మరీ కుదిర్చింది.

మరి నీటికుక్క గోరు పెట్టించుకున్నవాడు నీళ్ళలోకి దిగడేం అని ఎవరూ అడగరా అంటే, అడిగారు. చిన్నప్పుడు చెవిపోటు అన్నాడు. పెద్దయ్యాక వాళ్ళే కారణం వెతికిపెట్టారు. "ఆ జంతువు వాడిలో నిద్రపోతోంది. అవసరం వచ్చినప్పుడే లేస్తుంది" అనేవాళ్ళు. మా ఊరికి ఆర్సేసియో మునగడనేది సూర్యుడు పడమట దిగుతాడన్నంత నిజం.

అందుకే సముద్రం కాస్త పొగరుగా ఉన్న ప్రతి రోజూ నేను ఉల్లిపాయలు కొనడానికి నుకీ వెళ్తాను. వచ్చే పోయే పడవలో, మోటారుకి దగ్గరగా కూర్చుంటాను. ఈతంటే నాకు నడక లాంటిది. మేమిద్దరం పనిచేసే రిసార్టు వంటింట్లో నేను లేకపోతే వంటామెకి పండగే, ఎందుకంటే నేను పొయ్యి దగ్గరుంటే కొబ్బరన్నం అడుగంటుతుంది. ఊళ్ళో ఆడవాళ్ళు మాత్రం వేరే లెక్క వేసుకున్నారు.

"ఏమే దెల్ఫా, మళ్ళీ ఉల్లిపాయలేనా? తిమింగలాలకి కూడా నువ్వే వండి పెడుతున్నావా?" అని ఒకామె.

"ఉల్లిపాయలు కాదే తల్లీ, మొగుడికి కాపలా. బొగోతా నుంచి తెల్లకాళ్ళ పిల్లలు దిగారుగా" అని ఇంకొకామె.

అనుమానపు పెళ్ళాం అన్న పేరు హాయిగా మోశాను. ఈత రాని పడవవాడు అని ఆయనకి పడే నింద కంటే అదే తేలిక.

తిమింగలాలు వచ్చే నెలలు మొదలైన సోమవారం, రిసార్టు యజమానురాలు ఓఫీర్ గారు మా ఇద్దర్నీ వసారాలోకి పిలిచారు. ఆవిడది మెదెయీన్ పట్నం, కానీ ఇరవయ్యేళ్ళుగా మాతోపాటు బూజు పడుతోంది.

"రేవు ఆఫీసు నుంచి కబురొచ్చింది. ఈ వారం ఒక ఇన్‌స్పెక్టరు అతిథిలాగా వస్తాడట. ఎవరన్నది చెప్పరు. పడవ నడిపే తీరు చూస్తాడు. శుక్రవారం ఈత పరీక్ష. జాకెట్ లేకుండా పడవలోంచి దూకి ఒడ్డుకి రావాలి. రాకపోతే పడవ దిగిపోవాల్సిందే." ఆవిడ నవ్వింది. "నీకేం భయంలే ఆర్సేసియో. నువ్వు ఈదుతుంటే ఆయన కూడా ఫోటో తీసుకుంటాడు."

ఆర్సేసియో కూడా నవ్వాడు. పడవ తాళ్ళు చూసుకోవాలని లేచి వెళ్ళిపోయాడు. నేను వెనకాలే వెళ్ళాను. తాళ్ళన్నీ చక్కగానే చుట్టి ఉన్నాయి. అయినా విప్పి మళ్ళీ చుడుతున్నాడు.

"విసితా అత్తకి చెప్పేద్దామయ్యా" అన్నాను. "ఆవిడ ఏదో ఒకటి చేస్తుంది."

"ఆవిడకి చెబితే ఏమవుతుందో తెలుసా? నా బొడ్డు పట్టలేదంటే ఊళ్ళో ఎవరి బొడ్డూ పట్టలేదనేగా. ఆ ముసలామెకి ఉన్నదల్లా ఆ చేతి మీద నమ్మకం. రేపు ఏ తల్లీ బిడ్డని ఆవిడ ఒళ్ళో పెట్టదు."

"పడవ పోతే మనం తినేదేమిటి?"

"అడవిలో కలప కొడతా."

"పడవ లేకుండా నువ్వు బతుకుతావా?"

చుట్టిన తాడు మళ్ళీ విప్పాడు. తెల్లవారకముందే లేచి ఆ పడవని తుడిచేది ఆయనే, దాని అడుగున ప్రతి మేకూ ఎరిగినది ఆయనే. వాన కురిసినా ఎండ కాసినా ఆ మనిషి కూర్చోగా నేను చూడలేదు. ఊయలలో పడుకునేది నేను, చుట్టూ ఊడ్చేది ఆయన. ఇక్కడ ఆయన సంగతి బయటపడటమంటే ఉద్యోగం ఒక్కటే కాదు, ఆయన నిలబడ్డ నేల పోవడం. ఈత నేర్పుదామంటే శుక్రవారం లోపల అయ్యే పని కాదు. పైగా మా ఊళ్ళో ఎవరూ చూడని నీళ్ళు లేవు.

మంగళవారం అతిథుల్ని తేవడానికి బయల్దేరాం. సముద్రం మామూలుగానే ఉంది. అయినా ఉల్లిపాయల సంచీ పట్టుకున్నాను.

రేవుకి వచ్చిన వాళ్ళలో ఇద్దరు మా కంటికి ఆనారు. ఒకాయన సన్నగా, శుభ్రంగా, చిన్న సంచీతో ఉన్నాడు. ఆర్సేసియో చెప్పేదంతా చేతులు కట్టుకుని విన్నాడు. జాకెట్ పట్టీ లాగి చూశాడు. "ఈ మోటారుకి ఎన్నేళ్ళు?" అని అడిగాడు. మా ఇద్దరి కళ్ళూ కలుసుకున్నాయి. వీడే.

రెండో మనిషి బుయెనవెంతూరా రేవుపట్నం యాసలో మాట్లాడే నిండైన నల్లావిడ. చేతిలో చక్రాల సూట్‌కేసు. అది ఎత్తబోయిన ఆర్సేసియో నడుము సగంలోనే ఆగిపోయింది.

"ఇందులో ఏముందమ్మా, అత్తగారా?"

"నా బట్టలు. చెప్పులు. నాకు కావాల్సినవి."

"ఇది పడవెక్కదు. ముక్కు మునుగుతుంది. సాయంత్రం సామాన్ల పడవలో పంపిస్తాం. రాత్రికి కావాల్సినవి సంచీలో తీసుకోండి."

"నేను డబ్బు కట్టాను. సూట్‌కేసు నాతోనే రావాలి."

"మీరు కట్టింది చేరడానికమ్మా. ఇదెక్కితే చేరం."

ఆవిడ చాలాసేపు వాదించింది. ఆర్సేసియో గొంతు పెంచలేదు, సూట్‌కేసూ ఎక్కించలేదు. చివరికి ఆవిడ మూతి ముడుచుకుని మధ్య బల్ల మీద కూర్చుంది. ఈ గోలంతా ఆ సన్నటాయన చూస్తున్నాడని మా భయం మాది.

దారి పొడుగునా వాన వెలిసి కురిసి ఆడుకుంది. ఒకచోట తిమింగలం వీపు తేలితే అందరూ ఒకే వైపుకి వంగారు. "మధ్యలో కూర్చునే చూడండి, అది మీకంటే పెద్దది, కనబడుతుంది" అన్నాడు ఆర్సేసియో. మామూలుగా అయితే ఇంకో మూడు జోకులు వేసేవాడు. ఆ రోజు ఆయన కన్ను పదే పదే సన్నటాయన మీదకే పోతోంది.

బోకా హాగ్వా దగ్గర రేవు లేదు. అలలు విరిగే చోట ఆగి, పెద్దవి వెళ్ళిపోయేదాకా ఓపిగ్గా కాచుకుని, సందు దొరకగానే ఇసక మీదకి దూసుకుపోవాలి. ఆ కాచుకోవడంలో నా మొగుడిని మించినవాడు లేడు. ఒడ్డున ఓఫీర్ గారు, ఊరి ఆడవాళ్ళు, కుర్చీలో విసితా అత్త కనబడుతున్నారు. పడవ ఆగింది. సందు కోసం చూస్తున్నాం.

అప్పుడు ఆ సన్నటాయన ఒడ్డు చూసి ఆనందంగా నిట్టూర్చి జాకెట్ పట్టీలు విప్పేశాడు. టోపీ సర్దుకుని లేచి నిలబడ్డాడు.

ఇంకెవరైనా అయితే ఆర్సేసియో మోటారు ఆపేసి, "మీరు కూర్చునేదాకా మనం ఇక్కడే ముసలివాళ్ళమవుతాం" అనేవాడు. ఇన్‌స్పెక్టరు కదా అన్న బెరుకు ఆయన నాలుక మీద కూర్చుంది.

"సార్, దయచేసి... ఆ పట్టీ..." అన్నాడు, మెల్లగా, ఒక్కసారి.

సన్నటాయన నవ్వి చెయ్యి ఊపాడు. వెనకనుంచి ఎవరూ ఊహించని అల ఒకటి లేచి పడవని పక్కకి తోసింది. ఆయన టోపీ ఒకవైపు, ఆయన ఒకవైపు పోయారు. జాకెట్ ఆయన కంటే ముందే దూరంగా తేలిపోయింది.

ఒడ్డున ఊరంతా లేచి నిలబడింది. "దూకరా నీటికుక్కా" అని ఎవరో అరిచారు. తర్వాత అందరూ అందుకున్నారు. ఆర్సేసియో చెయ్యి మోటారు మీద ఉంది. ముఖం సున్నం కొట్టినట్టుంది. నా వైపు చూశాడు.

నా పట్టీలు అప్పటికే ఊడాయి. జాకెట్ చేత పట్టుకుని దూకేశాను.

నీళ్ళలో నాకు తొందర ఉండదు. ఆయన నా మెడ పట్టుకోబోతే కిందకి జారి వెనకనుంచి లేచాను, జాకెట్ ఆయన చేతుల మధ్య ఇరికించాను. "తన్నకండి సార్, నేనే తన్నుతా" అన్నాను. తలెత్తి చూస్తే తర్వాతి అల వచ్చేస్తోంది. ఆ అలతోపాటు పడవ కూడా మీదికి వచ్చి పడితే మా ఇద్దరి పనీ సరి. కానీ పడవ మా మీదకి రాలేదు. ఆర్సేసియో దాన్ని తిప్పేశాడు. ముక్కు సముద్రం వైపు పెట్టి, మోటారు రెక్క మాకు దూరంగా ఉంచి, అల వచ్చినప్పుడల్లా ఎక్కించి దింపుతున్నాడు. "కూర్చోండి" అన్న ఆయన గొంతు ఒక్కసారే వినిపించింది. పడవలో ఎవరూ కదల్లేదు. మేం ఒడ్డు చేరేదాకా అలా పట్టుకునే ఉన్నాడు. చేరాక, మళ్ళీ మొదటినుంచీ కాచుకుని, సందు చూసి, మిగతా అతిథుల్ని మెత్తగా ఇసక మీద దించాడు.

ఒడ్డున చప్పట్లు లేవు. సన్నటాయన ఇసక మీద కూర్చుని ఉప్పునీళ్ళు కక్కుతున్నాడు. ఆడవాళ్ళు నన్ను చూసి, ఆర్సేసియోని చూసి, ఒకరినొకరు చూసుకున్నారు.

"పెళ్ళాన్ని దూకించి నువ్వు కూర్చున్నావేంరా?" అంది పక్కింటామె. "ఇంకా నిద్ర లేవలేదా నీ జంతువు?"

ఆర్సేసియో పడవ దిగి మోకాళ్ళలోతు నీళ్ళలో నిలబడ్డాడు. లైఫ్ జాకెట్ ఇంకా ఒంటిమీదే ఉంది.

"నాకు ఈత రాదు" అన్నాడు. "ఏనాడూ రాలేదు. ఉల్లిపాయలు అనేది ఉత్త అబద్ధం. నేను పడితే లాగడానికే దెల్ఫా ఎక్కేది." తర్వాత ఇసకలో తడబడుతూ విసితా అత్త కుర్చీ దగ్గరికి వెళ్ళాడు. "తప్పు నీ చేతిది కాదత్తా. నాదే ఏదో లోపం. నీ పొడి నాలో పట్టలేదు."

విసితా అత్త ఆయన్ని కింద నుంచి మీదకి చూసింది.

"ఎందుకు పట్టలేదురా? బ్రహ్మాండంగా పట్టింది. తెల్లారక ముందు లేస్తావు, రోజంతా ఒక్కచోట నిలవవు, నీ బరువుకి పదింతలు మోస్తావు. అది చీమ కాక మరేమిటి?"

చీమ నాది కదా అని అందరూ నా వైపు తిరిగారు.

"ఆ వారమంతా వాన" అంది అత్త. "ఇద్దరు బిడ్డలు, ఒకే రోజు ఊడిన రెండు బొడ్లు, రెండు కొబ్బరి చిప్పల్లో రెండు పొడులు. రెండూ నల్లగానే ఉంటాయి. తడిసి చెయ్యి తడబడిందని నాకు తెలియలేదు. ఈ దెల్ఫా పాకే వయసులో నదిలోకి పాకి, మునగకుండా అవతలి ఒడ్డున దొరికింది చూడు, అప్పుడు తెలిసింది. వీడేమో అదే వయసులో గింజలు ఏరి కుప్ప పెడుతున్నాడు."

"తెలిసీ చెప్పలేదా?" అన్నాను. నా జుట్టులోంచి నీళ్ళు కారుతున్నాయి.

"చెబితే వెనక్కి తియ్యగలనా? ఒకసారి పడింది పడిందే." కర్ర ఇసకలో గుచ్చింది. "కానీ సరిచెయ్యొచ్చుగా. వాడిది నీకు పోయింది, నీది వాడికి పోయింది. ఇద్దర్నీ ఒకే ఇంట్లో పెట్టేస్తే ఎవరి వస్తువూ ఎక్కడికీ పోనట్టే. ఆ గిటారు వాడిని చీపురుతో ఊరికే తరిమాననుకున్నావా?"

ముందు నవ్వింది ఓఫీర్ గారు. తర్వాత పక్కింటామె. ఆర్సేసియో మాత్రం నన్నే చూస్తున్నాడు, కొత్తగా అద్దెకి దిగిన మనిషిని చూసినట్టు.

"అందుకేనా అన్నం మాడుస్తావు?" అన్నాడు.

"అందుకేనయ్యా. ఇన్నాళ్ళూ నన్ను తిట్టిన మాటలన్నీ వెనక్కి తీసుకో."

కానీ శుక్రవారం శుక్రవారమే. నేను ఇసక మీద కూర్చున్న సన్నటాయన దగ్గరికి వెళ్ళాను. "సార్, మీరు చూశారు కదా. ఆయన పడవ పట్టుకోకపోతే ఇద్దరం పోయేవాళ్ళం. ఆఫీసులో అది కూడా చెప్పండి."

ఆయన అయోమయంగా చూశాడు. "ఏ ఆఫీసమ్మా? నేను మనిసాలెస్‌లో పళ్ళ డాక్టర్ని."

"ఆఫీసు నాది" అంది వెనకనుంచి బుయెనవెంతూరా యాస.

సూట్‌కేసు తెచ్చిన ఆవిడ బూట్లలోంచి నీళ్ళు ఒంపుకుంటోంది. పేరు ఎల్విరా మోస్కేరా అని, రేవు ఆఫీసుకి కొత్తగా వచ్చానని చెప్పింది.

"సూట్‌కేసులో పాత లంగరు గొలుసు ఉంది. ఆఫీసులోనే నింపించి, పోయిన వారమంతా మిగతా ఊళ్ళ పడవల మీద చూశాను. ఈ తీరంలో దాన్ని ఎక్కించుకోనన్న పడవవాడు ఇతనొక్కడే" అంది. తర్వాత ఆర్సేసియో వైపు తిరిగింది. "పట్టీ విప్పినవాడికి మెల్లగా చెప్పావు. అది తప్పు. వాడు ఎవడనుకున్నావో నాకు తెలుసు. ఇన్‌స్పెక్టరైనా సరే, మోటారు ఆపి తిట్టాలి."

"తప్పేనమ్మా."

"అతిథులందర్నీ వదిలేసి నువ్వు దూకి ఉంటే మాత్రం పడవ ఇక్కడే లాక్కునేదాన్ని. ఒడ్డున అరిచేవాళ్ళకి పడవలో ఎంతమంది ఉన్నారో కనబడదు." ఊరి ఆడవాళ్ళు గాల్లోకి చూశారు. "కానీ ఈత రాని కెప్టెన్ని ఒప్పుకోను. తిమింగలాలు వెళ్ళిపోయేలోగా నేర్చుకో, మళ్ళీ వచ్చి పరీక్ష పెడతా. అప్పటిదాకా ఈమె లేకుండా ఈ పడవ కదలకూడదు. ఓఫీర్ గారూ, ఈమెకి పడవ మనిషిగా జీతం ఇవ్వండి. ఉల్లిపాయలతో సరిపెట్టొద్దు."

"వంటామె ముందే ఒప్పేసుకుంది" అన్నారు ఓఫీర్ గారు.

ఎల్విరా వెళ్తూ విసితా అత్త ముందు ఆగింది. "నాకు పులి గోరు పెట్టిందట మా అమ్మమ్మ."

అత్త ఆవిడ ముఖాన్ని చేతుల్లోకి తీసుకుని పరీక్షగా చూసింది. "మీ అమ్మమ్మ చెయ్యి తడబడలేదు" అంది.

మరునాటి నుంచి ఆర్సేసియోకి ఈత పాఠం. ఆటు సమయంలో రాళ్ళ మధ్య మిగిలే మడుగులో, పట్టపగలు, ఊరందరి ముందూ. నేను పొట్ట కింద చెయ్యి పెట్టి పట్టుకుంటాను. పళ్ళ డాక్టరు ఉన్నన్నాళ్ళూ గట్టు మీద నిలబడి, జాకెట్ పట్టీలు పొరపాటున కూడా విప్పకుండా, కాళ్ళు ఎలా ఆడించాలో సలహాలిచ్చేవాడు. "చీమలు నీళ్ళలో తేలతాయిరా, మునగవు. భయపడకు" అని విసితా అత్త కుర్చీలోంచి అరుస్తుంది. ఆవిడ ఒళ్ళోకి బిడ్డల్ని తేవడం ఎవరూ మానలేదు. పొడి పెట్టేటప్పుడు చిప్ప ఒకటే ఉంచమని మాత్రం తల్లులు గుర్తుచేస్తున్నారు.

ఆయన ఇప్పుడు కుక్కపిల్లలా నాలుగు బారలు వేస్తాడు. ఐదో బారకి నా భుజం వెతుక్కుంటాడు. నేర్చుకోవడం ఇంకాస్త ఆలస్యమైనా నాకు అభ్యంతరం లేదు.

నుకీ రేవులో అతిథులకి చెప్పే మాటలు మాత్రం కాస్త పెరిగాయి. నోట్లు, సిగ్నల్, సెంటు, బూట్లు, పోటు, అన్నీ అయ్యాక జాకెట్ పట్టీలు బిగించి, గట్టిగా లాగి చూపించి, అప్పుడు అంటాడు.

"ఇంకొక్క సంగతి. కెప్టెన్‌కి ఈత ఇప్పుడిప్పుడే వస్తోంది. ఎవరైనా నీళ్ళలో పడితే నా వైపు చూడొద్దు, నాకు పడవతో పని ఉంటుంది. అదిగో, ఆ వెనక బల్ల మీద కునుకు తీస్తోందే, ఆవిడని పిలవండి. పొయ్యి దగ్గరికి తప్ప ఎక్కడికి పిలిచినా వస్తుంది."